పట్టణ పెరట్లో కోళ్లు: ఎన్నింటి వరకు, ఎలా?

ఇంటి వెనక అరడజను కోళ్లుంటే పిల్లలకు గుడ్డుకు కొదవ ఉండదు. పల్లెలో దీన్ని తప్పుపట్టేవారు లేరు. అదే గూడు గోడకు గోడ ఆనుకున్న కాలనీలోకి వస్తే తెల్లవారుజాము కూత, వానాకాలపు వాసన తగువుకు దారితీస్తాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85.18 కోట్లు. వాటిలో 31.7 కోట్లు పెరటివే. అంతకుముందు గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది.

చట్టం ఏమంటుంది?

ఇంట్లో ఇన్ని కోళ్లే పెంచాలని దేశమంతటికీ వర్తించే ఒకే పరిమితి లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల్లో చిన్న ఫారం అంటేనే 5,000 నుంచి 25,000 కోళ్లు. ఇంటి పెరడు ఆ లెక్కలోకే రాదు. అందుకే అసలు హద్దులు కింది స్థాయిలో ఉంటాయి. ఊళ్లో జంతువులు, పక్షుల పెంపకాన్ని అదుపు చేసే అధికారం మున్సిపాలిటీలకు, పంచాయతీలకు ఉంది. అపార్ట్‌మెంట్లలో సంఘం నియమావళి, అద్దె ఇంట్లో ఒప్పందం కూడా చూసుకోవాలి.

వీటన్నిటికీ తోడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం అనే అంశం ఉంది. బహిరంగ ఉపద్రవాన్ని భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ నిర్వచిస్తుంది. అలాంటిదాన్ని తొలగించాలని ఆదేశించే అధికారాన్ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ మేజిస్ట్రేట్‌కు ఇస్తుంది. అంటే పది కోళ్లను శుభ్రంగా పెంచే ఇంటికి రాని చిక్కు, రెండు కోళ్లతో దుర్వాసన వచ్చే ఇంటికి రావచ్చు.

పుంజు అవసరమా?

ఫిర్యాదుల్లో ముందుండేది కూత. గుడ్ల కోసమే పెంచేవారికి పుంజుతో పని లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. కాకపోతే ఆ గుడ్లను పొదిగేసినా పిల్లలు రావు. పెట్ట కూడా గుడ్డు పెట్టాక కొంతసేపు అరుస్తుంది గానీ అది పగటిపూట, కాసేపే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల రకం. ఒక్కో పెట్ట ఏడాదికి 160 గుడ్లు పెట్టినా ఆరు పెట్టలకు 960 అవుతాయి. రోజుకు రెండు మూడు గుడ్లన్నమాట. నలుగురున్న ఇంటికి అంతకన్నా పెద్ద మంద అక్కర్లేదు.

గూడు, శుభ్రత

రాత్రి గూట్లో కోడికి రెండు చదరపు అడుగుల చొప్పున చూసుకుంటే ఆరింటికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు సరిపోతుంది. పగలు తిరగడానికి వల కట్టిన జాగా వేరే కావాలి. పొరుగింటి గోడకు, కిటికీలకు, బావికి దూరంగా, నీరు నిలవని ఎత్తైన చోట గూడు పెట్టాలి. పిల్లి, ముంగిస, కుక్క దూరకుండా సన్నకన్ను వల వేయాలి.

వాసనకు మూలం తడి. నేలమీద మూడంగుళాల మందాన ఊక పరిచి తరచూ తిరగేయాలి. తడిసిన భాగాన్ని వెంటనే తీసేయాలి. వేడి వాతావరణంలో ఈగ గుడ్డు నుంచి ఎదిగి బయటికి రావడానికి వారం పది రోజులు చాలు. వారంలో రెండుసార్లు రెట్ట ఎత్తి మూతపెట్టిన గుంటలో వేస్తే ఆ చక్రం తెగుతుంది. మాగిన ఎరువు మొక్కలకు పనికొస్తుంది. నూకలు, తవుడు మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. మిగిలిన మేత రాత్రి వదిలేస్తే ఎలుకలు చేరతాయి.

రోగం వస్తే

కొక్కెర తెగులు మందను రోజుల్లో తుడిచిపెడుతుంది. పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా, తర్వాత ఎనిమిది పది వారాల వయసులో ఆర్2బి టీకా వేయించాలి. వేళలను పశువైద్యుడు చెబుతారు.

బర్డ్ ఫ్లూ విషయంలో పెరటి కోడికి మినహాయింపు లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది బయటపడినప్పుడు వ్యాధి కేంద్రం చుట్టూ కిలోమీటరు పరిధిని సోకిన ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటించారు. సోకిన ప్రాంతంలో పెంపుడు కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని విధానం. అధికారులు చంపిన కోళ్లకు పరిహారం ఉంటుంది. రోగంతో ముందే చచ్చినవాటికి ఉండదు.

అందువల్ల ఆలస్యం చేస్తే నష్టం యజమానిదే. జబ్బు సమాచారాన్ని వెంటనే ఇవ్వడం 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం యజమాని బాధ్యత కూడా. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే వాటిని కాలువలో పారేయకూడదు, కోసుకు తినకూడదు. ఒట్టి చేతులతో తాకకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి.

కోళ్లు తెచ్చే ముందు మున్సిపల్ కార్యాలయంలో ఒకసారి, పక్కింటివారిని ఒకసారి అడగడం మంచిది. తగువు మొదలయ్యాక గూటిని మార్చడం కంటే ముందే సరైన చోట కట్టుకోవడం తేలిక.