వామన కథలో ఛలం: దైవోపాయంపై నైతిక విచారణ పరిణామం

వామనుడు బలిని మూడడుగుల నేల అడిగి మూడు లోకాలను ఆక్రమించిన కథలో ఒక నైతికమైన చిక్కు ఉంది. అడిగినవాడు విష్ణువు, వటువు వేషంలో అడిగాడు. ఇచ్చినవాడు అసురుడు, ఎవరికి ఇస్తున్నాడో తెలిసి ఇచ్చాడు. ఛలం దేవుని వైపు, సత్యం అసురుని వైపు నిలిచిన ఈ కథను సంప్రదాయం ఏ విధంగా సమన్వయించుకొన్నదో తెలియాలంటే, వివిధ గ్రంథాలలో అది పొందిన రూపాలను పోల్చి చూడాలి.

ఋగ్వేదం ప్రథమ మండలంలోని 154వ సూక్తం విష్ణువు మూడడుగులను కీర్తిస్తుంది. అక్కడ బలి లేడు, యాచన లేదు, వేషం లేదు. ఉన్నది విక్రమం మాత్రమే. శతపథ బ్రాహ్మణంలో (1.2.5) ఉపాయం ప్రవేశించింది. దేవతలు ఓడిపోగా అసురులు భూమిని పంచుకొంటుంటారు. యజ్ఞస్వరూపుడైన విష్ణువును ముందుంచుకొని దేవతలు తమ భాగం అడుగుతారు. ఆయన పడుకొన్నంత మేర ఇస్తామని అసురులు అయిష్టంగా ఒప్పుకొంటారు. వామనుడైన విష్ణువును దేవతలు ఛందస్సులతో పరివేష్టించి, యజ్ఞం సాగించి భూమినంతటినీ పొందుతారు. ఇక్కడ నష్టపోయినవారు ఇవ్వడానికి మనసొప్పని లోభులు. అందువల్ల ఉపాయాన్ని ప్రశ్నించే అవసరం కథకు కలగలేదు.

వాల్మీకి రామాయణం బాలకాండలో సిద్ధాశ్రమ వృత్తాంతాన్ని విశ్వామిత్రుడు రామునికి వినిపిస్తాడు. అందులో బలి యాచకులు ఏది కోరినా ఇచ్చే యజ్ఞకర్త. దేవతల ఉపాయం ఆ ఔదార్యంపైనే ఆధారపడింది. ప్రతిపక్షి దోషం స్థానంలో అతని గుణమే సాధనం కావడంతో నైతిక సమస్యకు బీజం పడింది. అయినా అక్కడ బలి సమాధానం వినిపించదు. విష్ణువు అతనిని నిగ్రహించి లోకాలను ఇంద్రునికి అప్పగించడంతో కథ ముగుస్తుంది.

ఆ సమాధానాన్ని వినిపించినది భాగవతం అష్టమ స్కంధం. వటువు విష్ణువేనని గుర్తించిన శుక్రుడు, ప్రాణాపాయం, జీవనోపాధి వంటి సందర్భాలలో అసత్యం నింద్యం కాదని బలికి బోధిస్తాడు. ప్రయోజనం బలమైనదైతే సత్యాన్ని సడలించవచ్చుననే ఈ తర్కమే దేవతల ఉపాయానికీ ఆధారం. బలి దానిని తిరస్కరించి గురుశాపాన్ని భరిస్తాడు. ఉభయ పక్షాలూ ఆశ్రయించిన ఆపద్ధర్మాన్ని కాదన్నవాడు అతడొక్కడే.

భాగవతం ఛలాన్ని మరుగుపరచదు. విష్ణువు మాయావులలో మేటి అని అసురభటులు ఆక్రోశిస్తారు. బలి వరుణపాశబద్ధుడైనప్పుడు, సర్వస్వం సమర్పించినవాడు నిగ్రహానికి తగడని బ్రహ్మ విన్నవిస్తాడు. చివరకు తాను ఛలంతో ధర్మం పలికినా బలి సత్యం విడువలేదని విష్ణువే అంగీకరిస్తాడు. అనుగ్రహించదలచినవాని సంపదను హరిస్తానన్న సమర్థన కూడా ఈ ఘట్టంలోనే ఉంది. కాని కథ ఆ సమర్థనతో తృప్తి పడలేదు. బలికి సుతల నివాసం, సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి లభిస్తాయి. అన్నిటికీ మించి, విష్ణువు అతని వాకిట కావలి నిలుస్తాడు. ఎవరి కోసం ఛలం జరిగిందో ఆ ఇంద్రునికి దక్కినది రాజ్యం. ఛలానికి గురైన బలికి దక్కినది దేవుని సాన్నిధ్యం.

15వ శతాబ్దికి చెందిన పోతన తన తెలుగు భాగవతంలో శుక్రుని మినహాయింపులను నిలుపుకొంటూనే దాత మహత్త్వానికి ప్రాధాన్యం పెంచాడు. శ్రీదేవిని స్పృశించిన చేయి కిందుగా, తన చేయి పైగా ఉండడమే రాజ్యం కన్న గొప్పదని ఆయన బలి భావిస్తాడు. యాచకుని మాయ కన్న దాత నిర్ణయమే అక్కడ ప్రధానమైంది.

ఈ పరిణామంలో ఒక క్రమం కనిపిస్తుంది. వంచితుడు లోభిగా ఉన్నంత కాలం ఉపాయానికి సమర్థన అవసరం కాలేదు. అతడు సత్యవ్రతుడైన తరువాత, ఛలం ఫలించడం ఒక్కటే చాలలేదు. దానిని ఒప్పుకోవడం, వంచితునికి బదులు తీర్చడం కథకు విధులయ్యాయి. దైవోపాయాన్ని నిరపేక్షమైన అనుమతిగా గ్రహించే వ్యాఖ్యానాలు వామన కథ చివరి భాగాన్ని, అంటే సుతల ద్వారం వద్ద నిలిచిన విష్ణువును, విస్మరిస్తున్నాయి.