చింతామణి నాటకం

కాళ్ళకూరి నారాయణరావు (1871–1927) రాసిన సాంఘిక పద్యనాటకం. వరకట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’ రాసిన సంస్కర్త ఆయన. వేశ్యావ్యసనం మీద 1920 ప్రాంతంలో ‘చింతామణి’ రాశారు. కథకు మూలం లీలాశుకుడి (బిల్వమంగళుడి) గాథ. వరద రాత్రి శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని నది దాటిన బిల్వమంగళుడు చివరికి కృష్ణభక్తుడవుతాడు, వేశ్య చింతామణి కూడా మారుతుంది.

జనం మాత్రం ఎక్కువగా సుబ్బిశెట్టి కోసమే వచ్చేవారు. చింతామణి ఇంట్లో డబ్బు పోగొట్టుకునే కోమటి అతను. కూతురిని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజే తల్లి శ్రీహరితో అతని సంవాదం ఆటకు ఆయువుపట్టు. కోనసీమ తీర్థాల్లో, గోదావరికి ఈవలా ఆవలా, రాత్రంతా సాగే నాటకంలో పద్యానికి ‘ఒన్స్‌మోర్’ పడితే రాగం పొడవయ్యేది. నవ్వు పండితే మాటలు పెరిగేవి. అలా పెరిగిన ద్వంద్వార్థాలు చాలావరకు కాళ్ళకూరివి కావు, నాటక సమాజాల వాళ్ళు చేర్చినవి. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి చింతామణిగా మెప్పించారు. 1956లో సినిమాగా వచ్చినప్పుడు చింతామణి భానుమతి, బిల్వమంగళుడు ఎన్.టి. రామారావు, సుబ్బిశెట్టి రేలంగి.

సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను రాష్ట్రమంతటా నిషేధించింది. ఉపాధి పోయిందని కళాకారులు గోల పెట్టారు. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు నిషేధం మీద హైకోర్టుకు వెళ్ళారు.

  

కులాన్ని ఎగతాళి చేయడం నొప్పించేదే, ఆ బాధను కొట్టిపారేయలేం. కానీ కాళ్ళకూరి రాసిన ప్రతికీ, తర్వాత చేరిన బూతుకీ తేడా చూడకుండా నాటకం మొత్తాన్ని ఆపేయడం తొందరపాటే.