ఇసుకపై నిలిచిన ఆనకట్ట

మా అన్నవరమున రత్నగిరిచెంత ప్రవహించు పంపానదిని చూచినపుడెల్ల నాకు కాటన్ దొర స్మరణకు వచ్చును.

1833 నాటి క్షామమును, 1839 నాటి ఉప్పెనయు గోదావరీసీమను కృశింపజేసినవి. గోదావరీజలము సముద్రము పాలగుచుండ, తీరవాసులకు అన్నము కరవైనది. ఆనకట్ట కావలెనని 1844లో ఆర్థర్ కాటన్ ప్రభుత్వమునకు నివేదించెను.

ఆయన క్రీస్తుభక్తుడు. ఇసుకపై ఇల్లు కట్టువాడు బుద్ధిహీనుడని క్రీస్తు చెప్పిన ఉపమానము ఆయన యెరుగనిది కాదు. ధవళేశ్వరమున నదీగర్భమో, ఇసుక! అయినను ఆయన వెనుదీయలేదు. కావేరిపై చోళులు కట్టిన కల్లణైను పరిశీలించెను. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశీయులవలననే నేర్చితిమని పిమ్మట తానే ఒప్పుకొనెను. 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో ముగిసెను. నేడచ్చట ఆయన పేరిటనే నూతన బ్యారేజి కలదు.

మరి ఉపమానము తప్పెనా? తప్పలేదు. అది నిందించినది ఇసుకను గాదు. మంచిమాట విని ఆచరింపనివానిని. కాటన్ నది చెప్పినది వినెను, పూర్వులు చెప్పినది వినెను, విన్నదానిని ఆచరించెను.

రేపు ఉదయము కాలువనీరు దోసిట పట్టినపుడు మనమును ప్రశ్నించుకొందము: మనము విన్నదెంత? చేసినదెంత?