వెబ్ సెర్చ్ ఇంజిన్లపై పరిశోధన: చరిత్ర

సెర్చ్ ఇంజిన్ల మీద పరిశోధన వెబ్ కన్నా ముందే పుట్టింది. దాని పుట్టిల్లు గ్రంథాలయం. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ ఏరోనాటిక్స్ కళాశాల లైబ్రేరియన్ సిరిల్ క్లెవర్డన్ 1960లలో సుమారు 1,400 విమానశాస్త్ర పత్రాలు, 225 ప్రశ్నలు పోగుచేసి ఏ సూచిక పద్ధతి మేలో తేల్చబూనాడు. దొరికినవాటిలో పనికొచ్చేవెన్ని, పనికొచ్చేవాటిలో దొరికినవెన్ని? ఈ రెండు కొలతలే నేటికీ ఈ రంగానికి తూనికరాళ్లు. అమెరికాలో జెరార్డ్ సాల్టన్ మొదట హార్వర్డ్‌లో, తర్వాత కార్నెల్‌లో ‘స్మార్ట్’ అనే వెతుకులాట వ్యవస్థను నిర్మించాడు.

కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రచురించిన వ్యాసం ఈ చరిత్రకు ఆయువుపట్టు. ఒక మాట ఎంత ఎక్కువ పత్రాల్లో కనిపిస్తే దానికి అంత తక్కువ విలువ ఇవ్వాలన్నది ఆమె సూత్రం. ‘గోంగూర సాగు ఎలా’ అని వెతికితే ‘ఎలా’ ఎక్కడైనా ఉంటుంది, దారి చూపేది ‘గోంగూర’. ఇంత తేలికైన ఆలోచన ఇన్ని దశాబ్దాలు నిలవడం నిజంగా అబ్బురమే. 1990లలో లండన్ సిటీ యూనివర్సిటీలో పత్రాలకు ర్యాంకులిచ్చేందుకు స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం రూపొందించిన బీఎం25 సూత్రంలోనూ అదే ఆలోచన ఉంది.

వెబ్‌లో ఎవరైనా ఏదైనా రాయవచ్చు కాబట్టి మాటల లెక్క ఒక్కటే చాలలేదు. 1998లో పరిశోధకుడు జాన్ క్లీన్‌బర్గ్ ఒకవైపు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ మరోవైపు లింకుల వైపు చూశారు. విలువైన పేజీల నుంచి లింకులు అందుకునే పేజీకి విలువ పెరుగుతుందన్నది బ్రిన్, పేజ్‌ల పద్ధతి పేజ్‌ర్యాంక్ సారం. సుమారు 2.4 కోట్ల పేజీలపై పనిచేసిన తమ ఇంజిన్‌ను వర్ణిస్తూ బ్రిన్, పేజ్ మరో మాట కూడా రాశారు: ఈ విద్య కంపెనీల గోడల మధ్య ఉండిపోతోంది, దాన్ని విశ్వవిద్యాలయాలకు తేవాలి. ఆ కోరిక పూర్తిగా తీరలేదు. వారి పనీ గూగుల్ సంస్థగా మారాక, ర్యాంకింగ్ లోగుట్టు చాలావరకు బయటివారికి అందలేదు.

దాంతో పరిశోధకులు ఇంజిన్లను బయటినుంచి కొలవసాగారు. సుమారు 80 కోట్ల పేజీల వెబ్‌లో ఏ ఇంజిన్ సూచికలోనూ 16 శాతానికి మించి లేవని స్టీవ్ లారెన్స్, లీ గైల్స్ 1999లో అంచనా వేశారు. 2006లో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ దాదాపు 6.5 లక్షల మంది వెతుకులాటల చిట్టాను పేర్లు తీసేసి పరిశోధన కోసం విడుదల చేసింది. అయినా ఆ వెతుకులాటలను బట్టే ఒకామె ఎవరో పత్రికలవాళ్లు పట్టేశారు. అలాంటి చిట్టాలు బయటికివ్వడానికి కంపెనీలు ఆపై జంకాయి.

తెలుగు చిక్కు వేరు. అప్పట్లో చాలా తెలుగు సైట్లు యూనికోడ్ కాక సొంత ఫాంట్లు వాడేవి, ఇంజిన్లకు ఆ అక్షరాలు అంతుపట్టేవి కావు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో వాసుదేవ వర్మ బృందం 2006లో ‘వెబ్‌ఖోజ్’ ద్వారా వాటిని ఒకే సంకేతంలోకి మార్చి వెతికే దారి చూపింది. ఇక చెరువు, చెరువులో, చెరువుకు, చెరువుల్లోంచి అన్నీ ఒకే మాటకు రూపాలని యంత్రానికి నేర్పే పని ఇప్పటికీ నడుస్తోంది.