పాస్‌పోర్టు రకాలు: హైదరాబాద్ పాతబస్తీ

భారత ప్రభుత్వం పౌరులకు ప్రధానంగా మూడు రకాల పాస్‌పోర్టులు ఇస్తుంది. సాధారణ పాస్‌పోర్టు అట్ట ముదురు నీలం. ప్రభుత్వ పని మీద వెళ్లే ఉద్యోగులకిచ్చే అధికారిక పాస్‌పోర్టుది తెలుపు, దౌత్య పాస్‌పోర్టుది మెరూన్. ఇది 1967 పాస్‌పోర్టుల చట్టం చేసిన విభజన. అంతవరకు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టం. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ఆ ఏడాది ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు తేల్చాకే ఈ చట్టం వచ్చింది. పాతబస్తీలో మాత్రం అట్ట రంగు కన్నా లోపలి రాతే ఎక్కువమంది బతుకులను మలుపు తిప్పింది.

నిజాం ప్రజలను చట్టం బ్రిటిష్ ప్రజలుగా కాక, బ్రిటిష్ రక్షణలో ఉన్నవారిగా చూసేది. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక ఆ తేడా పోయింది. కానీ ఎన్నో కుటుంబాలు హైదరాబాద్, కరాచీల మధ్య చీలిపోయాయి. పశ్చిమ పాకిస్తాన్ రాకపోకలకు 1948 జూలైలోనే పర్మిట్ పెట్టారు. 1952 అక్టోబరు 15 నుంచి పాస్‌పోర్టు, వీసా తప్పనిసరయ్యాయి. అక్కడున్న తోబుట్టువుల ఇంట పెళ్లికి పోవాలన్నా ఈ కాగితాలే దిక్కు.

హజ్‌కు వెళ్లేవారికి ఆ ఒక్క యాత్రకే చెల్లే ప్రత్యేక పాస్‌పోర్టు ఉండేది. సౌదీ అరేబియా అంతర్జాతీయ పాస్‌పోర్టు అడగడంతో 2009 నుంచి అది తెరమరుగైంది.

1970లలో గల్ఫ్ దారి తెరుచుకుంది. బార్కస్, చాంద్రాయణగుట్ట, తలాబ్‌కట్టల నుంచి డ్రైవర్లు, మేస్త్రీలు, ఇంటిపని చేసే ఆడవాళ్లు వెళ్లారు. 1983 ఎమిగ్రేషన్ చట్టంతో సాధారణ పాస్‌పోర్టే రెండుగా చీలింది. పదో తరగతి పాసైతే సాధారణంగా ఏ రాతా ఉండదు. కానివారి పాస్‌పోర్టు చివరి పేజీలో, అమ్మానాన్నల పేర్లు, చిరునామా ఉన్నచోటే, ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరం) ముద్ర పడుతుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు కొలువుకు పోవాలంటే వీరికి ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి.

ఉద్దేశం మంచిదే, రక్షణే. అయితే పని కోసం కాని ప్రయాణాలకు 2007 నుంచి ఈ అనుమతి అక్కర్లేదు. ఏజెంట్లు పట్టుకున్న సందు అదే: విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక పనిలో పెడతారు. అలా వెళ్లినవారికి రిజిస్టరైన ఒప్పందం ఉండదు. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు యజమాని దాచేసినా అడిగే ఆధారం చేతిలో ఉండదు. పాతబస్తీ ఆడవాళ్లు ఇలా చిక్కుకున్న కథనాలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. చట్టంలోని ఈ ఖాళీని ఇంకా అలాగే వదిలేయడం అన్యాయం.

2018 జనవరిలో ఈసీఆర్ వారికి నారింజ రంగు అట్ట ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. చదువు లేనివారిని చూడగానే వేరుచేసే రంగు అది. నిరసనలు రావడంతో నెల తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టు 2024లో ప్రయోగాత్మకంగా మొదలై, 2025 నాటికి హైదరాబాద్‌కూ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం తెరవడంతో పాతబస్తీవాసులకు దరఖాస్తు పని దగ్గరైంది.