ధ్రువకాంతులు - వాటి లెక్కలు రాసినవారు



ప్రత్యేక సంచికకు తీర్థయాత్రా విశేషాలో, ఆరోగ్య సూత్రాలో రాయడం మన సంఘంలో ఆనవాయితీ. ఈసారి నేను ఆ రెండూ కాని సంగతి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు చివరి వారంలో నార్వేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, అల్లుడు మా దంపతులిద్దరినీ ట్రోమ్సో అనే ఊరికి తీసుకువెళ్లి, గైడుతో బయలుదేరే ఒక చిన్న బృందంలో చేర్చి ఉత్తర ధ్రువకాంతులు చూపించారు. అరోరా బొరియాలిస్ అంటారే, అవే. ఆకాశంలో ఆ తెరలు ఎలా ఆడాయో పేజీల కొద్దీ వర్ణించడం నా ఉద్దేశం కాదు. ఆ బొమ్మలు ఇప్పుడు మన మనవల ఫోన్లలోనే దొరుకుతున్నాయి. ఆ కాంతి ఏమిటో మనిషికి తెలియడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. అందులో మనలాంటి ఉద్యోగుల పాలు, అనగా తంతి యంత్రం ముందు కూర్చున్నవారి పాలు, గంటగంటకూ రిజిస్టరు రాసినవారి పాలు చాలా ఉంది. ముప్ఫై ఆరేళ్లు తంతి శాఖలో పనిచేసిన నాకు అది మన ఇంటి చరిత్రలాగే తోచింది. అందుకే ఈ వ్యాసం.

శరదృతువులోనే ఎందుకు?

ట్రోమ్సో ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 350 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. అక్కడ మే నెల మూడవ వారం నుంచి జూలై మూడవ వారం దాకా సూర్యుడు అస్తమించడు. చీకటే లేనప్పుడు కాంతి ఎక్కడ కనిపిస్తుంది? నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. అప్పుడు చీకటికి కొదవ లేదు గాని, ఆ చలి మన వయసువారు ఓర్చుకోలేరు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాత్రులు తిరిగి వస్తాయి, చలి ఇంకా ముదరదు. సరస్సులు గడ్డకట్టవు కనుక పైనున్న వెలుగు నీటిలోనూ కనిపిస్తుంది.

మరొక కారణం కూడా ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఈ కాంతులు ఎక్కువని చాలాకాలంగా గమనించారు. సూర్యుని నుంచి కొట్టుకువచ్చే అయస్కాంత క్షేత్రం భూమి అయస్కాంత క్షేత్రంతో కలిసే కోణం ఆ రోజుల్లో అనువుగా ఉంటుందని 1973లో రసెల్, మెక్‌ఫెరాన్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు.

గైడు అమ్మాయి చేసిన పని

కాంతి కనిపిస్తుందని హామీ ఇచ్చే గైడు ఉండదు. మొదటి రాత్రి మబ్బుతోనే గడిచింది. రెండవ రాత్రి గైడు అమ్మాయి బస్సు ఎక్కగానే ఫోనులో రెండు విషయాలు చూసింది. ఒకటి మబ్బుల పటం. రెండవది, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుని వైపు నిలిపిన ఉపగ్రహాలు పంపే సౌరపవనాల కొలతలు. తీరంలో మబ్బు పట్టి ఉన్నందున బస్సును ఫిన్లండు సరిహద్దు వైపు, స్కిబోట్న్ లోయకు మళ్లించారు. కొండల చాటున ఉన్న ఆ లోయలో వాన తక్కువ, ఆకాశం తరచు తేటగా ఉంటుందట.

అక్కడ దీపాలన్నీ ఆర్పి నిలబడ్డాం. మందపాటి దుస్తులు, వేడి పానీయం వాళ్లే ఇచ్చారు. ఫిన్లండువారు ఈ కాంతిని నక్క మంటలు అంటారని, ఇక్కడి సామీ జాతివారి పెద్దలు దీనిని చూసి ఈల వేయవద్దని పిల్లలను హెచ్చరించేవారని ఆ అమ్మాయి చెప్పింది. గంటన్నర గడిచింది. "మన ఊళ్లో వాన కోసం ఎదురుచూసినట్టే ఉంది," అంది మా శ్రీమతి.

పదకొండు దాటాక ఉత్తరాన పొగలాంటి బూడిదరంగు పట్టీ ఒకటి కనిపించింది. కెమెరాలో అదే పట్టీ ఆకుపచ్చగా పడింది. వెలుగు తక్కువగా ఉన్నప్పుడు మన కంటికి రంగు తెలియదు. కాసేపటికి అది బలపడి, కంటికి కూడా పచ్చగా తోచి, తల మీదుగా కదలసాగింది. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, అది ఎంత ఎత్తులో ఉంది? ఎవరు కొలిచారు?" అని అడిగింది. దాని ప్రశ్నకు జవాబే ఈ చరిత్ర.

సూదిని కాపలా కాసినవారు

1741లో స్వీడన్ దేశంలోని ఉప్సాలాలో సెల్సియస్, ఆయన సహాయకుడు హియోర్టర్ ఒక అయస్కాంతపు సూదిని రాత్రింబవళ్లు గమనిస్తూ లెక్క రాస్తున్నారు. మన ఉష్ణమాపకంలో పేరు నిలిచిన సెల్సియస్ ఆయనే. ఆకాశంలో కాంతి కదిలిన రాత్రి సూది కూడా కలతపడడం హియోర్టర్ గమనించాడు. అదే ఏడాది లండనులో గ్రాహం అనే గడియారాల నిపుణుడు చూసిన సూది కూడా అదే సమయంలో కదిలిందని ఉత్తరాల ద్వారా తేలింది. ఈ వెలుగుకూ భూమి అయస్కాంతానికీ సంబంధం ఉందని తెలిసింది అలాగే.

తంతి తీగె పట్టుకున్న సాక్ష్యం

ఇక మన శాఖ కథ. 1859 సెప్టెంబరు 1న కారింగ్టన్ అనే ఆంగ్ల ఖగోళజ్ఞుడు సూర్యుని మచ్చల బొమ్మ గీస్తుండగా, ఆ మచ్చల దగ్గర తెల్లని మెరుపు కొన్ని నిమిషాలు కనిపించి మాయమైంది. సుమారు 17 గంటల తరువాత భూమిని అయస్కాంత తుఫాను తాకింది. ధ్రువకాంతులు కరిబియన్ దీవుల దాకా కనిపించాయి.

పాత తంతి మార్గంలో ఒకే తీగె ఉండేదని, తిరుగు కరెంటుకు భూమినే వాడుకునేవారమని మనవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎర్త్ రిటర్న్ అనేవాళ్లం. అయస్కాంత తుఫానులో నేలలో పుట్టిన కరెంటు ఆ దారినే తీగెలోకి ఎక్కింది. కొన్ని చోట్ల నిప్పురవ్వలు లేచాయి, ఉద్యోగులకు షాకులు తగిలాయి. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లండ్ ఊళ్ల మధ్య పనిచేస్తున్న ఇద్దరు టెలిగ్రాఫిస్టులు ఒకరితో ఒకరు సంప్రదించుకుని, ఇరువైపులా బ్యాటరీలు విప్పేసి, ఆ ఆకాశపు కరెంటుతోనే సుమారు రెండు గంటలు వార్తలు నడిపారు. లైను పాడైతే ఏంచేయాలో మాన్యువల్ చెబుతుంది. బ్యాటరీ లేకుండానే లైను పనిచేస్తే ఏంచేయాలో ఏ మాన్యువల్‌లోనూ ఉండదు!

ఆ రోజే బొంబాయిలోని కొలాబా వేధశాలలో సిబ్బంది తమ మామూలు పనిలో ఉన్నారు. అయస్కాంత పరికరాన్ని కంటితో చూసి గంటగంటకూ అంకె రాయడం వారి పని. తుఫాను వచ్చినప్పుడు వారు గంటకోసారి కాక కొద్ది నిమిషాలకోసారి రాశారు. అయస్కాంత క్షేత్రం ఉన్నట్టుండి సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయింది. బొంబాయిలో అప్పుడు పట్టపగలు. ఆకాశంలో ఏ వెలుగూ కనిపించలేదు. వారికి తెలిసింది అంకెలే, రాసింది అంకెలే. ఆ రిజిస్టరు సంగతి చివర మళ్లీ చెబుతాను.

తరువాత 1872 ఫిబ్రవరి 4న మరొక పెద్ద తుఫాను వచ్చింది. బొంబాయిలో ధ్రువకాంతి కనిపించిందనీ, ఏడెన్ వైపు వెళ్లే సముద్రపు కేబులు చెదిరిందనీ అప్పటి పత్రికలు రాశాయి.

కొండ మీద కాపురం

నార్వే శాస్త్రజ్ఞుడు బిర్కెలాండ్ ఈ కాంతిని దగ్గర నుంచి చూడాలని 1899లో ఆల్టా ఊరి దగ్గర హాల్డె కొండ మీద, సుమారు 900 మీటర్ల ఎత్తున, రాతి వేధశాల కట్టించాడు. అంతకు ముందు చేసిన ఒక యాత్రలో ఆయన వెంట వెళ్లిన యువకుడు చలికి వేళ్లు పోగొట్టుకున్నాడు. హాల్డె మీద మొదటి చలికాలంలోనే మంచుచరియలు విరిగిపడి సహాయకులలో ఒకరు మరణించారు.

బిర్కెలాండ్ తరువాత ప్రయోగశాలలో గాలి తీసేసిన పెట్టెలో ఒక చిన్న అయస్కాంత గోళాన్ని ఉంచి, దాని మీదికి విద్యుత్ కణాలను పంపాడు. గోళం ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు ఏర్పడ్డాయి. సూర్యుని నుంచి వచ్చే కణాలే ఈ కాంతికి మూలమని ఆయన వాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. ఆయన 1917లో టోక్యో నగరంలో మరణించాడు. ఆయన ఊహించిన విద్యుత్ ప్రవాహాలు నిజంగానే ఉన్నాయని 1960ల్లో ఉపగ్రహాలు చూపించాయి. 1994లో నార్వే 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది.

మా మనవరాలి ప్రశ్నకు జవాబు చెప్పినవాడు స్టోర్మర్ అనే మరొక నార్వే పండితుడు. 1910లో ఆల్టా ప్రాంతంలోనే కొన్ని కిలోమీటర్ల ఎడంగా రెండు కెమెరాలు పెట్టి, మధ్య టెలిఫోను లైను వేసి, ఫోనులో చెప్పుకుంటూ ఒకే క్షణంలో ఫోటోలు తీయించాడు. రెండు ఫోటోల్లోనూ నక్షత్రాల మధ్య కాంతి ఉన్న చోటులో తేడాను బట్టి ఎత్తు లెక్కగట్టాడు. పచ్చని తెరల అడుగు అంచు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి ఆక్సిజన్ పచ్చగా, 200 కిలోమీటర్లకు పైన అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. నియాన్ బోర్డులో వాయువు వెలిగినట్టే ననుకోండి.

ఇప్పటి కాపలాదారులు

ఇది వేడుక మాత్రమే కాదు. 1989 మార్చి 13న ఇలాంటి తుఫానుకే కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో కరెంటు పోయి, 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. అందుకే సూర్యుని మీద కాపలా పెట్టారు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్-1 అలాంటిదే. అది 2024 జనవరి 6న తన స్థానం చేరింది. అదే సంవత్సరం మే నెలలో వచ్చిన తుఫానులో లదాఖ్‌లోని హాన్లె వేధశాల కెమెరాలకు ఆకాశపు అంచున ఎర్రని వెలుగు చిక్కింది.

ఇక కొలాబా రిజిస్టరు. బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తే పరికరాలు చెదురుతాయని 1904లో అయస్కాంత కొలతలను అలీబాగ్‌కు మార్చారు. పాత రికార్డులు మాత్రం భద్రంగా ఉన్నాయి. 1859 తుఫాను నిజంగా ఎంత పెద్దదో తేల్చడానికి అమెరికా, భారతదేశ శాస్త్రజ్ఞులు 2003లో ఆ కాగితాలనే ఆధారం చేసుకున్నారు. రాసి 144 ఏళ్లయింది. రాసినవారు ఆ అంకెలకు అర్థమేమిటో తెలియకుండానే డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాము సేవ ఆగిపోయినప్పుడు, ఇన్నేళ్లు మనం చేసినదంతా ఏమైంది అని మనలో చాలామంది అనుకున్నాం. దానికి నాకు దొరికిన జవాబు ఇదే. సరిగ్గా రాసిన లెక్క ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో పనికివస్తుంది. కనుక మన సభ్యులకు ఒక విన్నపం. ఇళ్లలో పాత డ్యూటీ డైరీలు, లైను పటాలు, తుఫాను నాటి నోట్సు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. సంఘం కార్యాలయానికి ఇవ్వండి. ఒక బీరువా కొనిపెట్టే ఖర్చు నేను భరిస్తాను.