అల్లాహ్, ఏల్: పాలమూరులో దేవుని సెమిటిక్ పేర్లు

అరబీలో దేవుణ్ణి పిలిచే ప్రధాన పదం ‘అల్లాహ్’. తెలుగువారి నోట ‘అల్లా’. ‘ఇలాహ్’ అంటే దేవుడు. దానికి ముందు నిర్దేశక ఉపపదం ‘అల్’ చేరి, వాడుకలో కుదించుకుపోయి అల్లాహ్ అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సిరియాక్ ‘అలాహా’ నుంచి వచ్చిందనే వాదమూ ఉంది.

ఈ మాట ఇస్లాం కంటే పాతది. ప్రవక్త ముహమ్మద్ తండ్రి పేరే అబ్దుల్లాహ్, అంటే అల్లాహ్ దాసుడు. సిరియాలోని జబద్‌లో క్రీ.శ. 512 నాటి క్రైస్తవ కట్టడం మీది అరబీ శాసనంలో ‘అల్-ఇలాహ్’ కనిపిస్తుంది. అరబ్ క్రైస్తవులు నేటికీ బైబిలులో అల్లాహ్ అనే చదువుకుంటారు. అది ఒక్క మతం సొత్తు అనే మాట చరిత్ర ముందు నిలవదు.

అక్కాదీలో ‘ఇలు’, ఉగారిత్ పలకల్లో ‘ఇల్’, హీబ్రూలో ‘ఏల్’, ‘ఎలోహీం’, అరమాయికంలో ‘ఎలాహ్’ కూడా అల్లాహ్ పుట్టిన సెమిటిక్ భాషా కుటుంబంలోవే.

ఇక తెలుగు నేల సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. పాలమూరు అని జనం పిలుచుకునే ఈ సీమకు సెమిటిక్ పదాలు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి ముస్లిం పాలన, ఉర్దూ. రెండోది మిషనరీల బైబిలు. 20వ శతాబ్ది తొలినాళ్లలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూలు, వనపర్తుల్లో కేంద్రాలు పెట్టింది, తర్వాత గద్వాలకూ విస్తరించింది. ఊళ్లో ఎం.బి. చర్చి అంటే అదే.

తెలుగు బైబిలు ‘ఎలోహీం’ను ‘దేవుడు’ అనే అంటుంది. కానీ ‘బేతేలు’ (దేవుని ఇల్లు), ‘ఇమ్మానుయేలు’ (దేవుడు మనతో ఉన్నాడు) అలాగే నిలిచాయి. సిలువ మీద క్రీస్తు కేక మత్తయిలో ‘ఏలీ’, మార్కులో ‘ఎలోయీ’. మనుషుల పేర్లలో ఈ చుట్టరికం ఇంకా స్పష్టం. చర్చిలో వినిపించే ఇష్మాయేలు మసీదులో ఇస్మాయిల్, గబ్రియేలు జిబ్రయీల్. చివరి ‘ఏలు’, ‘ఈల్’ దేవుని పేరే.

అరబీ ‘రబ్బ్’ (ప్రభువు), సువార్తల్లోని ‘రబ్బీ’, ‘రబ్బూనీ’ కూడా గొప్పతనాన్ని తెలిపే ఒకే ధాతువు పిల్లలు. ‘రహ్మాన్’ కథ మరీ లోతైనది. దీని ధాతువు నుంచే హీబ్రూలో గర్భాన్ని, కరుణను చెప్పే మాటలు వచ్చాయి. ఇస్లాంకు ముందే యెమెన్ యూదులు, క్రైస్తవులు తమ శాసనాల్లో దేవుణ్ణి ‘రహ్మానాన్’ అన్నారు.

పాలమూరు ముస్లింల నోట తరచుగా వినిపించే ‘ఖుదా’ మాత్రం పారశీక పదం, సెమిటిక్ కాదు. ‘ఖుదా హాఫిజ్’లో రెండో మాట అరబీ.